412 సూచనల బాకీ: ఉమ్మడి డెక్కు డైరీ

రోజు 1

చాలా రోజుల తర్వాత సూచనల షీటు తెరిచాను. పెండింగ్ 412.

తెరిపించింది ఒక మెసేజ్. "సర్, శని ఉపగ్రహాల కార్డు సరిచేయమని పోయినేడు రాశాను. ఇంకా పాత జవాబే ఉంది. మార్కు పడాలంటే ప్రతిసారీ తప్పు జవాబు చెప్పి 'గుడ్' నొక్కాల్సొస్తోంది." చదివి తలదించుకున్నాను. తప్పు జవాబు చెప్తేనే పాస్ చేసే డెక్కు నడుపుతున్నామన్నమాట.

సంగతి తెలియనివాళ్ళ కోసం: ఇది ఆంకీలో, అంటే మర్చిపోకుండా కార్డులను మళ్ళీ మళ్ళీ చూపించే యాప్‌లో, నడిచే తెలుగు సైన్సు డెక్కు, అంటే ప్రశ్న-జవాబు కార్డుల కట్ట. జవాబు గుర్తొస్తే 'గుడ్', రాకపోతే 'ఎగైన్' నొక్కుతారు. 3,140 నోట్లు. ఒక్కో నోటు నుంచి ఒకటో రెండో కార్డులు పుడతాయి. క్రౌడ్‌యాంకీ అనే యాడ్-ఆన్‌తో డెక్కు మొత్తాన్ని జేసన్ అనే టెక్స్ట్ ఫైలుగా మార్చి, ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌లో పెడతాం. వాడేవాళ్ళు తప్పు కనబడితే ఒక ఫారం నింపుతారు, అది షీటులో వరసగా చేరుతుంది. చూసేవాళ్ళం ముగ్గురం: ఫిజిక్స్ మాష్టారు, బయాలజీ మేడమ్, మిగతావన్నీ నేను. ముగ్గురికీ దీనికి దొరికేది సాయంత్రాలే.

షీటు అడుగున ఉన్న సూచన 2022 నవంబరుది. ఆ నెలలోనే తూనికలు, కొలతల మహాసభ కిలో, మెగాల్లా కొలతల ముందు చేరే నాలుగు కొత్త ఉపసర్గలు ఒప్పుకుంది: రోన్నా, క్వెట్టా, రోంటో, క్వెక్టో. ఎవరో వెంటనే రాశారు: "యోట్టాతో ఆపేశారు, ఇవి కూడా చేర్చండి." ఇప్పుడు 2025 జూలై.

రోజు 2

శని కార్డు ఒక్కదాన్నే ముందేసుకున్నాను. ప్రశ్న: "శనికి ఎన్ని ఉపగ్రహాలు?" జవాబు: 82. దాని మీద నాలుగు సూచనలు. మొదటిది 83 అంటుంది. రెండోది 145. మూడోది 146, మెసేజ్ పెట్టినాయనదే. నాలుగోది ఈ ఏడాది మార్చిది, 274 అంటుంది. విచిత్రం ఏమిటంటే నలుగురూ రాసిన రోజున కరెక్టే. 2023 మేలో ఒక్కసారిగా 62 చేరాయి, 2025 మార్చిలో ఇంకో 128. మేం ఏ ఒక్కటి అప్పుడే ఒప్పుకున్నా అది మళ్ళీ తప్పయ్యేది.

పక్కనే ఇంకో నోటు: "ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది?" జవాబు శని. 2023 ఫిబ్రవరిలో ఒకాయన "గురుడు, 92" అని సవరణ పంపారు. ఆ నెలలో నిజంగానే గురుడు ముందుకెళ్ళాడు. మేలో శని మళ్ళీ దాటేసింది. ఆ సూచన షీటులో పడుండగానే పుట్టి, గిట్టింది. నా బద్ధకం పనికొచ్చిన సందర్భం ఇదొక్కటే, ఇంకోటి దొరకదు.

సంఖ్య అడిగే నోటు తీసేయడానికి పెట్టాను. గ్రహం పేరడిగేది ఉంచి, వివరణలో "2025 మార్చి నాటికి 274" అని రాసి, "మారేవి" అని ట్యాగ్ పెట్టాను. ఆ ట్యాగున్న నోట్లను ఏడాదికోసారి ఎవరో ఒకరు చూడాలి. 82 అన్న జవాబులో తప్పు లేదు, ఒకప్పుడు. కాలం చెప్పకుండా అడగడమే తప్పు.

రోజు 3

ఇవాళ ఒక్క సూచననూ ఒప్పుకోలేదు, తోసెయ్యలేదు. లెక్కలు మాత్రం వేశాను.

వారానికి సగటున తొమ్మిది సూచనలు వస్తున్నాయి. మేం తేల్చేది ఆరు. మూడు మిగులుతున్నాయి. రెండున్నరేళ్ళు దాటింది, అంటే దాదాపు 137 వారాలు. మూడుతో గుణిస్తే 411. ఆ అంకె చూసి కుర్చీలో వెనక్కి వాలాను. ఎప్పుడో ఉప్పెనలా వచ్చి పడిందనుకున్నాను ఇన్నాళ్ళూ. తీరా చూస్తే వారానికి మూడు చుక్కలు కారిన కుళాయి.

క్యూల గురించి చదివినవాళ్ళకు లిటిల్ సూత్రం గుర్తుంటుంది: వరసలో ఉన్నవాటి సంఖ్యను అవి వచ్చే వేగంతో భాగిస్తే సగటున ఎంతసేపు ఆగాలో వస్తుంది. నిలకడగా నడిచే వరసకే అది సరిగ్గా వర్తిస్తుంది, మాది పెరుగుతున్న వరస. అయినా 412ని తొమ్మిదితో భాగిస్తే దాదాపు 46 వారాలు. ఇవాళ పంపినవాడికి దగ్గర దగ్గర ఏడాది తర్వాత జవాబు.

ఈ లెక్క కొత్తదేం కాదు. డెక్కు చదివే ప్రతివాడికీ అనుభవమే. నాలుగు రోజులు కార్డులు చూడకపోతే డ్యూ, అంటే చూడాల్సిన కార్డుల బాకీ, గుట్టగా పేరుకుంటుంది. అప్పుడు అందరికీ చెప్పే సలహా ఒకటే: కొత్త కార్డులు సున్నా చెయ్యి, పాతవి కరిగేదాకా అలాగే ఉంచు. మాకు మేం ఎందుకు చెప్పుకోలేదో మరి. రాత్రికే ఫారంలో "కొత్త కార్డు ప్రతిపాదన" అనే ఎంపిక తీసేశాను. ఆరు వారాల దాకా సవరణలు మాత్రమే.

రోజు 5

412 చదవడం పూర్తయింది. చదవడమే, చెయ్యడం కాదు. కుప్పలు పోశాను: అచ్చుతప్పులు 118, మాట మార్చమన్నవి 96, కొత్త కార్డులు 84, విషయం తప్పన్నవి 47, పెద్ద కార్డును విడగొట్టమన్నవి 38, అర్థం కానివీ దారి తప్పినవీ 29. అన్నీ కలిపి 231 నోట్ల మీదే. అంటే సగటున ఒక్కో నోటు మీద దాదాపు ఇద్దరు మొత్తుకున్నారు.

మొదటి అరవైకి గడియారం పెట్టుకుని చూశాను. అచ్చుతప్పుకు అర నిమిషం. విషయం తప్పన్నదానికి రెండు మూడు నిమిషాలు, ఆధారం వెతుక్కోవాలి గనక. నన్ను ఆపేసినవి "మాట మార్చండి" అన్నవి. ఒక్కోదానికి ఏడెనిమిది నిమిషాలు, చివరికి ఏమీ తేల్చకుండా కిందికి జరిపేశాను. ఇన్నేళ్ళూ ఇదే చేశానని అప్పుడు వెలిగింది. కష్టమైన సైన్సు దగ్గర ఆగలేదు నేను. మా ముగ్గురి మధ్యా ఎన్నడూ తేలని సంగతుల దగ్గర ఆగాను.

రోజు 6

అచ్చుతప్పులు ఒక్క బైఠక్‌లో 70, రేపు మిగతావి. చెప్పుకోవడానికేమీ లేదు. "విధ్యుత్" తొమ్మిది చోట్ల ఉంది.

రోజు 8

ఏ వరసలో చూడాలన్న దాని మీద మాష్టారితో ఫోన్లో గొడవ. ముందు విషయం తప్పున్నవి, అందులో ఇద్దరికీ పేచీ లేదు. అచ్చుతప్పున్న కార్డు చిరాకు పెడుతుంది, విషయం తప్పున్న కార్డు బుర్రలో దిగిపోతుంది. ఆ తర్వాత ఏవి? నేను కొత్తవి ముందు చూద్దామన్నాను.

"ఏమోయ్, రెండేళ్ళుగా కూచున్నవాణ్ణి వదిలి నిన్నొచ్చినవాణ్ణి లోపలికి పిలుస్తావా? ఇదేం న్యాయం?"

"న్యాయం కాదు మాష్టారూ. కానీ నిన్న రాసినతను ఇవాళ అడిగితే జవాబిస్తాడు. రెండేళ్ళ కిందటి ఆయనకు తను ఏం రాశాడో తనకే గుర్తుండదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరే. అయితే పాతవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ జవాబు రాయాలి. మూసేస్తే మూసేశామని రాయాలి. చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలో వెయ్యడానికి నేనొప్పుకోను." ఒప్పందం కుదిరింది.

రోజు 9

విషయం తప్పన్న 47 మొదలు. ఆరుగురు ఒకే మాటన్న నోటు: "కిలోగ్రాముకు ప్రమాణం ఏది?" జవాబులో ప్లాటినం-ఇరీడియం స్థూపం. 2019 మే 20 నుంచి కిలోగ్రామును ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. ఆరేళ్ళుగా మేం పాత స్థూపాన్నే మోస్తున్నాం. ఒకాయన ప్లాంక్ స్థిరాంకం విలువను తొమ్మిది అంకెలతో సహా ఖాళీలో అడగాలని పట్టు. వద్దన్నాను. ఆ అంకెలు గుర్తుపెట్టుకుని ఎవరికేం ఒరుగుతుంది? ప్రశ్నను "ఇప్పుడు కిలోగ్రామును దేని ఆధారంగా నిర్వచిస్తారు?" అని మార్చాను, స్థూపం సంగతి వివరణలోకి పోయింది.

"మనిషికి 206 ఎముకలు" కార్డుకు "పసిపిల్లలకు అంతకన్నా ఎక్కువుంటాయి" అని సవరణ. నిజమే. పెరిగేకొద్దీ కొన్ని కలిసిపోతాయి. "పెద్దవారిలో" అనే ఒక్క మాట చేర్చి ముగించాను. ఒక్క మాట కోసం పదమూడు నెలలు ఆగింది ఆ సూచన.

రోజు 12

మాటల గొడవలకు ముగ్గురం కాల్‌లో కూర్చున్నాం. ముందు వడి, వేగం. ఆ ఒక్క నోటు మీద 17 సూచనలు. పాఠ్యపుస్తకంలో స్పీడుకు వడి, వెలాసిటీకి వేగం. బయట మాట్లాడేటప్పుడు అన్నిటికీ వేగమే, ఈ డైరీలో నేను కూడా అలాగే రాశాను. కొందరు "వడి అంటే ఎవడికి తెలుసు, స్పీడ్ అని రాయండి" అంటారు. ఇంకొందరు "వేగం అనే ఉంచండి, రెండోదానికి కొత్త మాట వెతకండి" అంటారు.

మేడమ్ తెగ్గొట్టారు: "వాళ్ళు రేపు పరీక్షలో చూసేది పుస్తకంలో మాట. ప్రశ్నలో అదే పెట్టండి. వాడుక మాట జవాబు కింద రాయండి." వాడుక మాట కోసం నోటులో వేరే ఫీల్డు, అంటే ఇంకో గడి, చేర్చాలని నాకు ఉబలాటం. ఆంకీలో నోట్ టైపుకు ఫీల్డు చేరిస్తే తర్వాతి సింక్ పూర్తి సింక్ కావాలి, అంటే ఒకవైపు కాపీ మొత్తాన్ని రెండోవైపు కాపీ మీద రాసెయ్యాలి, ఫోన్లో ఒకటి కంప్యూటర్లో ఒకటి చదివేవాళ్ళు ఒకవైపు చేసిన రివ్యూలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఉన్న వివరణ ఫీల్డులోనే సర్దుకున్నాం.

రెండోది మూలకాల పేర్లు: నత్రజనా, నైట్రోజనా? ఆమ్లజనా, ఆక్సిజనా? అంతర్జాతీయ పేరే పెట్టాలన్నాం. మూలకం గుర్తు దాదాపుగా ఆ పేరుతోనే కలుస్తుంది కాబట్టి. "మరి సోడియం గుర్తు ఎన్‌ఏ కదా?" అన్నారు మాష్టారు. అది నేట్రియం అన్న లాటిన్ పేరు నుంచి వచ్చింది, మా తీర్పుకు అది అడ్డం కాదని తోసేశాం. నత్రజని వివరణలో ఉంటుంది. మాష్టారికి ఇంకా మింగుడు పడలేదు.

మూడోది, రాశుల పేర్లు తెలుగులో: ద్రవ్యరాశి, త్వరణం, పీడనం. నాలుగోది, బహువచనం "లు"కు ముందు పొల్లు ఉంచాలా ఉకారం చేర్చాలా అన్నది: ఎలక్ట్రాన్‌లా, ఎలక్ట్రానులా? ఇది చిన్నదనుకున్నాను. గంట పట్టింది. ఉకారం గెలిచింది.

నాలుగు తీర్పులూ ఒక పేజీలో రాసి ఫారం పైన అంటించాను. ఆ రాత్రే 96లో 71 తేలిపోయాయి. ప్రతిదానికీ జవాబు ఒకటే వాక్యం: "రెండో నియమం ప్రకారం మార్చాం" లేదా "మొదటి నియమం ప్రకారం అలాగే ఉంచాం." ఒక్కోదాని మీదా ఏడెనిమిది నిమిషాలు కూర్చుని నేను చేసింది రివ్యూ కాదు. అదే కేసును ప్రతిసారీ మొదటి నుంచి వాదించుకున్నాను.

రోజు 14

నకళ్ళ వేట. "న్యూట్రాన్ కనుగొన్నది ఎవరు?" అనే నోటు రెండుసార్లు ఉందని ఎవరో చెప్పారు. రెంటిలోనూ చాడ్విక్, 1932. ఆంకీ మొదటి ఫీల్డు చూసి నకలును పట్టుకోవాలి, పట్టుకోలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. కంటికి ఒక్కలాగే ఉన్నాయి. కోడ్‌పాయింట్లు, అంటే ఒక్కో అక్షరానికి కంప్యూటర్లో ఉండే అంకెలు, తీసి చూస్తే ఒకదాంట్లో "న్యూట్రాన్" చివర పొల్లు తర్వాత కనబడని గుర్తొకటి ఉంది: జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర దాన్ని వాటంతటవే దూరుస్తాయి. తెలుగు టైపు చేసేవాళ్ళందరి మెడకూ ఇది గుదిబండే. వెతికితే దొరకదు, చూస్తే కనబడదు.

మొత్తం డెక్కులోంచి పీకేద్దామని చెయ్యి దురద పెట్టింది. కానీ మాట మధ్యలో అది కావాలి. తీసేస్తే "సాఫ్ట్‌వేర్" లాంటివి ఒత్తులు పడి వికారంగా తయారవుతాయి. అందుకని ఫీల్డులను ముట్టుకోకుండా, పోల్చేటప్పుడు మాత్రం దాన్నీ, అదనపు ఖాళీలనూ వదిలేసే చిన్న స్క్రిప్టు రాశాను. 23 జంటలు బయటపడ్డాయి. జంటలో పాతదాన్ని ఉంచాం, ఎక్కువమంది చదివింది అదే గనక.

రోజు 16

మంచి ఊపు మీదున్నాను. విడగొట్టమన్న 38 నోట్లనూ ఈ రాత్రే విడగొట్టి పడేశాను. పాతవి చెరిపి 127 కొత్త నోట్లు రాశాను. గిట్‌లోకి పుష్ చేసి, అంటే అందరికీ అందేలా ఎక్కించి, పడుకున్నాను.

రోజు 17

ఘోరం.

పొద్దున్నే మెసేజ్‌లు. "అన్నా, అప్డేట్ చేస్తే 127 కొత్త కార్డులు మీద పడ్డాయి. పాతవి పోలేదు. రెండేళ్ళు చదివిన కార్డును మళ్ళీ సున్నా నుంచి చదవాలా?"

ఎరిగి ఎరిగి చేసిన తప్పు. ఆంకీలో నోటుకు పేరు ఏదైనా, లోపల ఒక శాశ్వత గుర్తింపు ఉంటుంది. చదివినవాడి చరిత్ర అంతా ఆ గుర్తింపున్న నోటు కార్డులకే అంటుకుని ఉంటుంది. నోటులో మాటలు ఎన్ని మార్చినా చరిత్ర చెక్కుచెదరదు. కొత్త నోటు రాస్తే మాత్రం పరాయిదే. ఇక మా దగ్గర చెరిపినది వాళ్ళ దగ్గర చెరగదు, దిగుమతి చేర్చడమూ మార్చడమూ చేస్తుందే గానీ తీసెయ్యదు. కాబట్టి వాళ్ళకు పాతదీ మిగిలింది, కొత్తవీ వచ్చాయి.

అదృష్టం కొద్దీ గుర్తింపులన్నీ గిట్‌లోని జేసన్‌లో ఉన్నాయి. రాత్రి చేసిన కమిట్‌ను, అంటే గిట్‌లో దాచిన మార్పును, వెనక్కి తిప్పితే పాత నోట్లు అవే గుర్తింపులతో తిరిగొచ్చాయి. 127కూ ఒకే ట్యాగ్ ఉండటం వల్ల, ఇప్పటికే దించుకున్నవాళ్ళకు "ఆ ట్యాగ్ వెతికి అన్నీ చెరిపెయ్యండి" అని చెప్పగలిగాను. ఎవరి చరిత్రా పోలేదు. క్షమాపణ నేనే రాశాను, మేడమ్ దాంట్లో సగం కొట్టేసి "ఏం చెయ్యాలో ముందు చెప్పు, ఏడుపు తర్వాత" అన్నారు.

రోజు 21

మాష్టారికిచ్చిన మాట. ఏడాది దాటినవి ఇంకా 112 మిగిలాయి, పంపినవాళ్ళు 70 మంది. అందరికీ రాశాను: "మీ సూచన ఇదీ. ఇంకా కావాలనుకుంటే రెండు వారాల్లో ఒక్క మాట రాయండి, లేకపోతే మూసేస్తాం. ఆలస్యం మాదే." ఇందులో కొత్త కార్డుల ప్రతిపాదనలే ఎక్కువ.

19 మంది పలికారు. ఒకామె జవాబు: "కావాలి. కానీ నా పరీక్ష పోయినేడే అయిపోయింది." దానికేం రాయాలో తెలియక పొద్దుపోయేదాకా కూర్చున్నాను. కార్డు సరిచేసి, సరిచేశామని రాశాను.

రోజు 30

విడగొట్టడం, ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని. ఏ కార్డు నిజంగా జనాన్ని ఏడిపిస్తోందో మాకు కనబడదు, రివ్యూలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటాయి. కానీ మామూలు సెట్టింగులో ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకు ఆంకీ "లీచ్" అని ట్యాగ్ తగిలిస్తుంది. ఐదుగురిని అడిగి ఆ ట్యాగున్న నోట్ల జాబితా తెప్పించుకున్నాను. ముగ్గురికైనా ఉమ్మడిగా ఉన్నవే ముందు.

అందరి జాబితాలోనూ ఉన్నది: "12 కపాల నాడుల పేర్లు వరసగా చెప్పండి." ఆ నోటును చెరపకుండా, దాని గుర్తింపు అలాగే ఉంచి, ప్రశ్నను "కపాల నాడులు ఎన్ని జతలు?" అని కుదించాను. మిగతావి చిన్న చిన్న కొత్త నోట్లు: "నాలుగో కపాల నాడి పేరు?" ట్రాక్లియర్. "అది నడిపే కంటి కండరం?" సుపీరియర్ ఆబ్లిక్. "లాటరల్ రెక్టస్‌ను నడిపేది ఎన్నో నాడి?" ఆరోది. కొత్తవాటిని రోజుకు ఇన్నని కాకుండా వారానికి ఒక విడతగా వదులుతున్నాం. తీసెయ్యాల్సిన నోట్లకు "తొలగించండి" అనే ట్యాగ్ పెడతాం, అది వెతికి చెరుపుకోవడం వాళ్ళ చేతిలో పని.

క్రమం తప్పకుండా సవరణలు పంపే ఇద్దరికి అచ్చుతప్పులు నేరుగా కలిపేసే హక్కిచ్చాం. విషయం మారితే మాత్రం ఆధారం ఉండాలి, ఇంకొకరి కన్ను పడాలి.

రోజు 44

పెండింగ్ 61. వారానికి వచ్చేవి అదే తొమ్మిది, తేలేవి పన్నెండు పదమూడు. కొత్త కార్డుల ఎంపిక రేపు మళ్ళీ తెరుస్తాం, వారానికి ఐదు చొప్పున. బొమ్మల హక్కుల సంగతి తేల్చలేదు. అదొక పెద్ద తలనొప్పి, ఎనిమిది సూచనలు దాని మీదే ఆగాయి. "పొల్లా ఉకారమా" మీద మాష్టారు మళ్ళీ అప్పీలు చేశారు.

ఈ నెలన్నరా నా సొంత డెక్కు ముట్టలేదు. తెరిస్తే 1,940 డ్యూ. కొత్తవి సున్నా చేసి మొదలుపెట్టాను. ఏడో కార్డు: "ఇప్పుడు కిలోగ్రామును దేని ఆధారంగా నిర్వచిస్తారు?" నేనే తిరగరాసిన ప్రశ్న. నోటికి ముందొచ్చింది ప్లాటినం-ఇరీడియం స్థూపం. ఎగైన్ నొక్కాను.